ఇంజను తర్వాత, ముందు చాసిస్ కింద దూరు

బండి ముచ్చట – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా నమస్తే. మాది భూపాలపల్లి దగ్గర పల్లె. చాన ఏండ్ల సంది వేరేటోళ్ల బండ్ల మీద డ్రైవర్‌గ చేస్తున్న, ఇగ సొంత బండి తీసుకుందామని ఇంట్ల అందరం అనుకున్నం. ఒక ఫైనాన్స్ కంపెనోళ్లు సీజ్ చేసిన 10 టైర్ల టిప్పర్ వేలానికి పెట్టిన్రు, 2017 మోడల్, గోదారి ఇసుకకు తిరిగిన బండి అంటున్నరు. యార్డుకు పోయి చూసుకోవచ్చట గాని నడిపి చూడనియ్యరట, కొన్నంక ఏమొచ్చినా మాకు సంబంధం లేదని కాయితంల రాసిన్రు. నడపకుండ బండి మంచిదో కాదో ఎట్ల తెల్వాలె? – ఒక పాఠకుడు, భూపాలపల్లి జిల్లా

జవాబు: తమ్మీ, డ్రైవర్‌వి కాబట్టి ఇంజను చప్పుడు వింటెనే నీకు సగం సంగతి తెలిసిపోతది, అందుకే నీ పాణమంతా నడిపి చూసుడు మీదనే ఉన్నది. వేలం బండికి ఆ పద్ధతి పక్కకు పెట్టు. ఇంజను పోతె వరంగల్ ఆటోనగర్ల దింపి లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్పిస్తవు, పైసలు పోతయి గాని బండి మళ్ల రోడ్డెక్కుతది. చాసిస్, అంటె బండి బరువంతా మోసే కింది ఇనుప ఫ్రేము, ఇరిగి అతికిన బండికి, కాయితం సక్కగ లేని బండికి మాత్రం ఏ మేస్త్రి దగ్గర మందు లేదు. అందుకని ముందు కాయితాలు, తర్వాత చాసిస్, ఆ రెండు పాసైనంకనే క్యాబిన్ లేపి ఇంజను చూడు. చాన మంది దీన్ని ఉల్టా చేస్తరు, స్టార్ట్ కొట్టంగనే గుర్రుమన్నదని మురిసిపోయి పాట పాడేస్తరు.

కాయితాలు ఇంట్ల కూసోనే మొదలుపెట్టు. బండి నంబరు సర్కారు పరివాహన్ వెబ్‌సైట్ల కొడితె రిజిస్ట్రేషన్ తారీఖు, ఫిట్‌నెస్ ఎప్పటిదాక ఉన్నది, ఇన్సూరెన్స్, ట్యాక్స్, ఫైనాన్స్ ఎవరి పేరు మీద ఉన్నది అన్నీ వస్తయి. ఫైనాన్స్ కాలంల వేలం పెట్టిన కంపెనీ పేరే ఉండాలె, ఇంకో పేరు కనపడితె అది తేలేదాక ఆగు. మన కాడ లారీలకు 3 నెలలకోసారి ట్యాక్స్ కదా, సీజ్ అయ్యి యార్డుల నిలబడ్డన్ని రోజులు అది కట్టేటోడు ఉండడు, దాని మీద పెనాల్టీ కూడ పెరుగుతది, ట్రాన్స్‌ఫర్ కోసం నువ్వు ఆర్టీఓ ఆఫీసుకు పోయిన్నాడు ఆ బాకీ నీ నెత్తి మీదనే పడతది. చలాన్లు గట్లనే, ఇసుక బండి అంటున్నవు కాబట్టి ఓవర్‌లోడ్ చలాన్లు ఎన్ని ఉన్నయో తప్పకుండ చూడు. బ్లాక్‌లిస్టుల ఉన్నదా అనేది గూడ అండ్లనే తెలుస్తది. దొంగ బండ్ల లెక్కల ఉన్నదా అనేదానికి ఎన్‌సీఆర్‌బీ, అంటె నేరాల రికార్డులు చూసే కేంద్ర సంస్థ, వాళ్ల వాహన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాయితం) ఆన్‌లైన్ల తీసుకోవచ్చు, కొనేముందు అదొకటి తీసుకుంటె నిమ్మలం.

పాత ఓనర్ సంతకాల ముచ్చట అసలైంది. మామూలుగ బండి పేరు మారాలంటె ఫారం 29, 30 మీద ఓనర్ సంతకం గావాలె, ఫైనాన్స్ తీసేసేటందుకు ఫారం 35 గావాలె. సీజ్ అయిన బండి ఓనర్ కోపంతోనో బాధతోనో ఎక్కడనో ఉంటడు, సంతకం పెట్టడు, ఆర్సీ గూడ ఇయ్యడు. గప్పుడు ఫైనాన్సోళ్లు ఫారం 36 పెట్టి, ఆర్టీఓ ఆఫీసు ఓనర్‌కు నోటీసు ఇచ్చినంక, ముందు వాళ్ల పేరు మీద కొత్త ఆర్సీ తీసుకోవాలె, అండ్లకెళ్లి నీ పేరు మీదికి రావాలె. దీనికి టైం పడతది, అన్ని రోజులు నువ్వు కిస్తీ కట్టుకుంట బండి ఇంటి ముందట పెట్టుకోవాలె. "అన్నీ మేం చూసుకుంటం" అని యార్డుల ఉన్న పిలగాడు నోటితోని చెప్పిన మాట మీద పోకు, సంతకాలు ఉన్నయా లేవా, లేకపోతె ఆర్సీ ఎప్పటిలోపు ఇస్తరు అనేది కంపెనీ నుంచి మెయిల్ల రాయించుకో. మహారాష్ట్ర బండో ఛత్తీస్‌గఢ్ బండో అయితె ఆ రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ, అంటె ఫారం 28, అదనంగ గావాలె.

2017 మోడల్ అన్నవు గాని నెల ఏంది? ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచే దేశమంత కొత్త బండ్లకు బీఎస్-4 అనే పొగ రూలు వచ్చింది, దానికన్న ముందుదైతె బీఎస్-3 గావచ్చు, రెండిటికి ఇంజను కాడ ఎలక్ట్రానిక్ సామానుల చాన ఫరక్ ఉంటది, ఆర్సీల చూస్తె తెలుస్తది. బరువు గూడ ఆర్సీలనే చూడు. 2018 జులైల కేంద్రం యాక్సిల్ లోడ్ పెంచినప్పుడు 3 యాక్సిళ్ల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పోయింది, ఈ బండి అంతకుముందుది, ఆర్సీల 25 టన్నులే రాసి ఉంటె నీ కిరాయి లెక్క దాని మీదనే వెయ్యాలె. ఇగ 8 ఏండ్లు దాటిన లారీకి ఫిట్‌నెస్ ఏటా చేయించాలె, అదొక ఖర్చు ఎప్పటికీ ఉంటది.

ఇప్పుడు యార్డుకు పోదాం. పొద్దుగాలనే పో, ఎండ పక్క నుంచి పడుతుంటె పగుళ్లు మంచిగ కనపడతయి. టార్చిలైటు, చిన్న సుత్తె, కొలిచే టేపు, సన్న తాడు, కిరసనాయిల్ల ముంచిన బట్ట, తెల్ల కాయితం, పెన్సిల్ తీస్కపో. పాత బట్టలు ఏస్కపో, ఎందుకంటె కింద పండుకోవాలె. నీకు తెలిసిన మేస్త్రిని ఆ రోజు కూలి ఇచ్చి అయినా వెంట తీస్కపో.

ముందు చాసిస్ నంబరు. ఎక్కువ బండ్లకు కుడి దిక్కు ముందు చక్రం కాడ చాసిస్ పట్టీ మీద కొట్టి ఉంటది. కిరసనాయిల్ బట్టతోని మన్ను గ్రీసు అంతా తుడువు, కాయితం దాని మీద కదలకుండ పట్టి పెన్సిల్ పక్కకు పండబెట్టి మెల్లగ రుద్దు, 17 అక్షరాలు కాయితం మీద తేలుతయి. టాటా బండి అయితె ఎంఏటీ తోని మొదలైతది, అశోక్ లేలాండ్ అయితె ఎంబీ1 తోని. ఆ కాయితాన్ని ఆర్సీ పక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం కలుపు. తర్వాత ఇనుమును వేలుతోని తడుము. నంబరు చుట్టూ గ్రైండింగ్ పట్టినట్టు నున్నగ ఉన్నా, నాలుగు దిక్కుల వెల్డింగ్ గీత తగిలినా, ఒక అక్షరం లోతుగ ఇంకోటి పైపైన ఉన్నా ఇంకేం చూడకు, ఆ బండి ఇడిసిపెట్టి రా. ఇంజను నంబరు గూడ గట్లనే కలుపు, ఇంజను మారిస్తె మార్చినట్టు ఆర్సీల ఎక్కి ఉండాలె.

ఇసుక బండికి చాసిస్ ఎట్ల పోతదో నీకు కొంత తెలిసే ఉంటది. తడి ఇసుక నీళ్లు దారి పొడుగునా బాడీ నుంచి కారి, చాసిస్‌కు దాని మీద టిప్పర్ బాడీని మోసే సబ్‌ఫ్రేమ్‌కు నడుమ సందుల నిలబడతయి, లోపల్లోపల తుప్పు తింటది, బయటికెళ్లి చూస్తె రంగు కొత్తగ మెరుస్తనే ఉంటది. ఆ సందుల టార్చి కొట్టు. ఇనుము పొరలు పొరలుగ లేసి, పట్టీ ఉబ్బినట్టు కనపడితె ఆ బండి ఆయుష్షు సగం అయిపోయినట్టే. పగులు అయితె కమాన్ బ్రాకెట్ల కాడ, క్రాస్ మెంబర్లు (అడ్డ పట్టీలు) కలిసే మూలల కాడ, క్యాబిన్ ఎనుక సబ్‌ఫ్రేమ్ మొదలయ్యే కాడ, బాడీని లేపే హైడ్రాలిక్ జాకీ కూసున్న కాడ వస్తది. ఆడ మన్ను తుడిచి చూడు, రంగు కింద నుంచి ఎర్రగ వెంట్రుకంత తుప్పు గీత కారినట్టు ఉంటె అదే పగులు. రివిట్లను సుత్తెతోని మెల్లగ కొట్టు. గట్టిగ ఉన్న రివిటు టంగుమంటది, వదులైంది డొల్ల చప్పుడు చేస్తది, దాని చుట్టూ ఎర్ర పొడి రాలి ఉంటది. చాసిస్ల ఒక్క జాగలనే కొత్త రంగు కొట్టి మిగితాదంతా పాత రంగు ఉంటె ఆడ ఎందుకు కొట్టిన్రో తెలిసేదాక వదలకు.

ముందు చక్రాలు సక్కగ నిలబెట్టి ఉంటె ముందు హబ్ నడుమ నుంచి ఎనుక హబ్ నడుమ దాక రెండు దిక్కుల టేపు పెట్టి కొలువు. తర్వాత తాడు గుంజి పట్టి చాసిస్ పట్టీ పొడుగునా చూడు. రెండు కొలతలు తేడా వచ్చినా, తాడుకు పట్టీకి నడుమ ఓ కాడ సందు ఎక్కువైనా బండి ఎక్కడనో గట్టిగ గుద్దుకున్నదనో, పల్టీ కొట్టిందనో అర్థం. టిప్పర్లు పోసేటప్పుడు మెత్తటి నేల మీద ఒక పక్కకు ఒరిగి పడుడు కొత్త గాదు. క్యాబిన్ డోర్ల సందులు, అద్దం రబ్బరు చూస్తె గూడ అది తెలుస్తది.

టిప్పర్ సామాను వేరే చూడాలె. జాకీ రాడ్డు మీద నిలువు గీతలు ఉంటె సీళ్లు ఎన్నిసార్లు మార్చినా ఆయిల్ కారుతనే ఉంటది. బాడీ ఎనుక పిన్నులు, బుష్షులు అరిగిన బండి బాడీ కిందికి దిగినంక చాసిస్ మీద సక్కగ కూసోదు, ఒక దిక్కు ఆనుతది. పీటీఓ (గేర్‌బాక్స్ నుంచి పంపును తిప్పే సామాను), హైడ్రాలిక్ పంపు అసలు ఉన్నయా చూడు.

ఉన్నయా అని ఎందుకంటున్ననంటె, యార్డుల నెలలకు నెలలు నిలబడ్డ బండ్లల్లకెళ్లి సామాను పోతది. బ్యాటరీలు పోతయి, స్టెప్నీ పోతది, సెల్ఫ్, డైనమో పోతయి, మంచి టైర్లు పోయి అరిగినవి వస్తయి. కామన్ రైల్ బండ్లకు, అంటె డీజిల్‌ను ఎలక్ట్రానిక్‌గ కొట్టే ఇంజను బండ్లకు, ఈసీఎం (ఇంజను కంప్యూటర్ డబ్బ) పోతె మస్తు ఖర్చు. బండి సీజ్ చేసిన్నాడు ఒక ఇన్వెంటరీ లిస్టు రాస్తరు, టైర్లు ఎన్ని, ఏ కంపెనీవి, బ్యాటరీ ఉన్నదా, జాకీ రాడ్డు ఉన్నదా అని. ఆ లిస్టు అడుగు. దాన్ని చేతుల పట్టుకొని బండి చుట్టూ తిరుగు, ఏది లేకపోతె అది రాసుకో, ఫోటో తియ్యి. టైరు పక్కన కొట్టిన చివరి 4 అంకెలు చూడు, 2319 అని ఉంటె 2019ల 23వ వారం తయారైందన్నట్టు. బటన్ (టైరు మీది గట్లు) మస్తు ఉన్నదని మురవకు, రీట్రెడింగ్ అయిన, అంటె పైన కొత్త రబ్బరు అతికిన టైరు గూడ బటన్ మంచిగనే కనపడతది, పక్క గోడల మీద సన్న పగుళ్లు చూడు, ఎండల నిలబడి గాలి దిగిన టైరు లోపల తీగలు ఖరాబైతయి.

ఇగ ఇంజను. చాన సార్లు బ్యాటరీ ఉండనే ఉండదు, స్టార్ట్ చేసుడే కుదరదు. పర్వాలేదు, ఆయిల్ కొలిచే స్టిక్ గుంజి చూడు. ఆయిల్ పాల చాయ లెక్క తెల్లగ ఉంటె నీళ్లు కలిసినయి, హెడ్ గ్యాస్కెట్టో, లైనర్‌కు వేసే ఓ-రింగు సీళ్లో పోయినట్టు. పల్సగ అయ్యి డీజిల్ వాసన కొట్టి లెవల్ ఎక్కువుంటె డీజిల్ దిగుతున్నట్టు. రేడియేటర్ మూత తీసి నీళ్ల మీద ఆయిల్ తెట్టె ఉన్నదా చూడు. టర్బో ముందటి రబ్బరు గొట్టం విప్పనిస్తె వేలు పెట్టి షాఫ్ట్ ఊపు, రెక్కలు లోపలి గోడకు రాసుకున్న గీతలు ఉంటె టర్బో పోయినట్టే.

స్టార్ట్ చేయనిస్తె ముందుగాల ఇంజను మీద చెయ్యి పెట్టు. చల్లగ ఉండాలె. నువ్వు వచ్చేటాళ్లకే వేడిగ ఉంటె పొద్దున లేవని బండిని ఎవరో ముందే లేపి పెట్టిన్రు. నడుస్తుంటె ఆయిల్ పోసే మూత తీసి చూడు, కొంచెం ఆవిరి మామూలే, దమ్ము దమ్ముకు పొగ గట్టిగ తన్నుతుంటె రింగులు అయిపోయినయి. నీలం పొగ అంటె ఆయిల్ కాలుతున్నది, తెల్ల పొగ వేడెక్కినంక గూడ పోకపోతె నీళ్లో కాలని డీజిలో, నల్ల పొగ అయితె నాజిళ్లు, ఏర్ ఫిల్టర్ కాడ మొదలుపెట్టి చూసుకోవచ్చు, భయం లేదు. అట్లనే గాలి నిండి ముల్లు 7, 8 బార్ల కాడికి పోయినంక ఇంజను బంద్ చేసి గేజు మీద కన్నెయ్యి, చూస్తుండంగనే ముల్లు దిగుతుంటె చాంబర్లో, పైపులో లీకు, కింద దూరి వింటె సుయ్యిమనే చప్పుడు ఎక్కడిదో దొరుకుతది. బ్రేకు లీకు పెద్ద రోగం గాదు, కాకపోతె బాగు చేయించకుండ ఆ బండి యార్డు గేటు దాటియ్యకు, రోడ్డు మీద నడిచేటోళ్ల పాణాలు తమ్మీ.

కిలోమీటర్ల మీటరు నమ్మకు. క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ మీద చేతులు పట్టే కాడ అరుగుడు, సీటు కుంగుడు చూడు, వాటి అరుగుడే అసలు లెక్క చెప్తది.

ప్రశ్న: నమస్తే అన్నా. మాది జగిత్యాల. మా ఆయన రైస్ మిల్లుకు నడపనీకి 10 టైర్ల లారీ వేలంల తీస్తనంటున్నడు, ధరావత్తు కట్టేసిండు, ఆన్‌లైన్ల పాట ఉన్నదట. పాటల ఉడుకు మీద ఎక్కువకు పోతడేమోనని నాకు బుగులైతున్నది. ఎంతదాక పోవాలో ఎట్ల లెక్క కట్టాలె? – ఒక సోదరి, జగిత్యాల

జవాబు: చెల్లే, మీ బుగులు ఉత్తదేం గాదు. పాట మొదలైతె ఆఖరి నిమిషంల ఎవరో ఒకరు 5 వేలు పెంచుతరు, దాని మీద మనం 5 వేలు, అట్ల టైం పెరుగుకుంట పోతది, పాణం ఆగదు. అందుకని పాటకు ముందటి రోజే మీరిద్దరు కూసోని కాయితం మీద రాసుకోండ్రి. అదే మోడల్, అదే ఏడాది నడిచే బండి కరీంనగర్లనో వరంగల్లనో ఎంతకు అమ్ముతున్నరో ముగ్గురు నలుగురిని అడిగి ఆ రేటు పైన పెట్టుర్రి. అనుకుందాం 12 లక్షలు. అండ్లకెళ్లి టైర్లకెంత, మేస్త్రి చెప్పిన రిపేరుకెంత, ట్యాక్స్ బాకీ చలాన్లకెంత, కొత్త ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్‌కెంత, బండి తెచ్చుకునే క్రేను ఖర్చెంత, కాయితం అయ్యేదాక బండి నిలబడితె ఆ నెలల కిస్తీ ఎంత, అన్నీ తియ్యిర్రి. అన్నీ కలిపి 4 లక్షలైతె మీ హద్దు 8 గాదు, కనపడని రోగాలకు ఇంకో లక్ష పక్కన పెట్టి 7 అనుకోండ్రి. అది నడిచే బండి, ఇది నడిపి చూడని బండి, ఆ భయానికి రేటు తగ్గాలె కదా.

పాట రేటు మీద ఇంకేం కలుస్తయో అడగాలె. వేలం నడిపేటోళ్ల ఫీజు ఉంటది, యార్డు పార్కింగ్ కిరాయి ఎవరు కట్టాలె, పాట ఖరారైన ఎన్ని రోజుల తర్వాత మన మీద పడతది, జీఎస్టీ పాట రేటులనే ఉన్నదా పైనుంచా, ఇవన్నీ షరతుల కాయితంల ఉంటయి, చదివించుకోండ్రి. రేటు 10 లక్షలు దాటితె 1 శాతం టీసీఎస్, అంటె అమ్మేటోళ్లు మన కాడ తీసుకొని సర్కారుకు కట్టే పన్ను, గూడ వసూలు చేస్తరు, అది మీ ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కల పడతది, రసీదు దాచుకోండ్రి. అందరికన్న ఎక్కువ పాడినంత మాత్రాన బండి మీదైపోదు, చాన మట్టుకు ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకుంటెనే ఖాయం. ఒప్పుకున్నంక చెప్పిన గడువుల పైసలు కట్టకపోతె ధరావత్తు పోతది. అందుకని బ్యాంకు లోన్ నమ్ముకొని పాడొద్దు, పాత బండికి లోన్ ఇచ్చేటోడు ఆర్సీ, ఇన్సూరెన్స్ అడుగుతడు, ఆ రెండు మీ చేతికి వచ్చేటాళ్లకు గడువు దాటిపోతది. మీ ఆయన పాట పాడేటప్పుడు మీరు పక్కన ఆ కాయితం పట్టుకొని కూసోండ్రి చెల్లే, ఇది నేను సీరియస్‌గనే చెప్తున్న.

ప్రశ్న: కరీంనగర్ల గ్రానైట్ బ్లాకులు మోసిన లారీ ఉన్నది, చాసిస్‌కు రెండు కాడ్ల పట్టీ వేసి వెల్డింగ్ చేసి ఉన్నది, మిగితాది మంచిగున్నది. తీస్కోవచ్చా? – ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: వద్దు అన్నా. ధాన్యం బస్తాలు బాడీ అంతా పరుచుకుంటయి, గ్రానైట్ బ్లాకు అట్ల గాదు, ఒక్క బ్లాకే అన్ని టన్నులు ఒకే జాగల కూసుంటది, గుంత పడిన్నప్పుడల్లా ఆ దెబ్బ చాసిస్‌కు అదే జాగల తగులుతది. ఆడనే పగిలింది కాబట్టే పట్టీ వేసిన్రు. పట్టీ వేసిన జాగ గట్టిగైతది, దాని అంచు కాడ కొత్త పగులు మొదలైతది, వెల్డింగ్ వేడికి ఆ ఇనుము బలం గూడ పోతది. తక్కువల వస్తున్నదని మనసు గుంజుతుంటె కంపెనీ పద్ధతిల చాసిస్ పట్టీ మొత్తం మార్పిచ్చేటందుకు ఎంతైతదో అడిగి, ఆ ఖర్చు గూడ వేసుకున్నంక చూడుర్రి, నాకైతె ఆ లెక్క కుదురుతదనిపిస్తలేదు. ఎనుక యాక్సిల్ హౌసింగ్, కమాన్ పట్టీలు గూడ ఆ బండికి బాగ దెబ్బతిని ఉంటయి.

ప్రశ్న: ఏపీ 36 నంబరు లారీ సర్కారు వేలంల అగ్గువకు వస్తున్నది. కాళేశ్వరం మీదికెళ్లి మహారాష్ట్రకు కిరాయిలు కొట్టొచ్చా? – ఒక పాఠకుడు, మంథని

జవాబు: ఏపీ 36 అంటె పాత వరంగల్ జిల్లా నంబరు, అంటె ఆ బండి 2014 జూన్ కన్న ముందుదన్నట్టు. నేషనల్ పర్మిట్ 6 టైర్ల బండికి 12 ఏండ్లదాకనే, 10 టైర్లు, ఆ పైన ఉన్న బండ్లకు 15 ఏండ్లదాక. రిజిస్ట్రేషన్ తారీఖు చూసి ఇంకెన్ని నెలలు మిగిలినయో లెక్క పెట్టుకోండ్రి, అయిపోయినదైతె వంతెన అవుతల సిరోంచ కిరాయి మర్చిపోవాలె. సర్కారు వేలంల తీసిన బండికి ఫారం 32 పెట్టాలె, బండి చేతికొచ్చిన 30 రోజులల్ల. ఇంకోటి, లాట్ పక్కన స్క్రాప్ అని రాసి ఉన్నదా జర కండ్లు పెట్టి చూడుర్రి, స్క్రాప్ కింద అమ్మినదానికి ఆర్సీ రాదు, అది ఇనుము లెక్కల పోయే బండి.

ప్రశ్న: పాటల బండి వచ్చింది, యార్డు శంషాబాద్ దిక్కు, బ్యాటరీలు లేవు, గాలి లేదు. పరకాలదాక ఎట్ల తేవాలె? – ఒక పాఠకుడు, పరకాల

జవాబు: ముందు మీ పేరు మీద థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ గురించి ఏజెంటును అడగండ్రి, సేల్ లెటర్, రిలీజ్ ఆర్డర్ వెంట ఉంచుకోండ్రి. ఫిట్‌నెస్ తీరిన బండిని నడుపుకుంట తేవొద్దు, క్రేను పెట్టి గుంజుకొని రావాలె. స్ప్రింగ్ బ్రేక్ ఉన్న బండికి గాలి లేకపోతె ఎనుక చక్రాలు పట్టే ఉంటయి, బలవంతంగ గుంజితె టైర్లు రోడ్డుకు రాసుకొని పోతయి. క్రేను బండి నుంచి గాలి పైపు ఇస్తె విడుస్తయి, లేకపోతె మేస్త్రి చాంబర్ల బోల్టు తిప్పి స్ప్రింగు వెనక్కి గుంజి కడతడు, కాని అట్ల కట్టినంక బండికి ఎనుక బ్రేకే ఉండదు, కాబట్టి తాడు కట్టి గాదు, రాడ్డు వేసి లేదంటె ముందు లేపి తేవాలె. ఎనుక చక్రాలు రోడ్డు మీద తిరుగుకుంట వచ్చేటట్టైతె గేర్‌బాక్స్ నుంచి ఎనుక చక్రాల దిక్కు పోయే జాయింటు షాఫ్ట్ విప్పి క్యాబిన్ల పెట్టుర్రి, ఇంజను బంద్ ఉన్నప్పుడు గేర్‌బాక్స్ లోపల ఆయిల్ పైకి రాదు, అంత దూరం ఒట్టిగ తిరిగితె బేరింగులు కాలిపోతయి. విప్పిన బోల్టులు లెక్క పెట్టి ఒక డబ్బల వేసుకోండ్రి.